సూదులున్నంతసేపు

నీళ్ళ బకెట్టును కిటికీ కింద పెట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసి, మళ్ళీ వెళ్ళి దాన్ని తలుపు పక్కకు జరిపాడు. అక్కడైతే అడ్డం వస్తుందేమో అనిపించి తిరిగి కిటికీ కిందికే తెచ్చాడు. ఈ ప్రయాణాలన్నీ అయ్యేసరికి నీళ్ళు సగం నేల తాగేసింది.

"ఆ బకెట్టుకి కాళ్ళు నొప్పులు పుడతాయి బొంగరం, కాస్త ఒకచోట ఉండనియ్యి" అంది వదిన, పక్క గదిలో గుర్రపు లద్దె ఎత్తుతూ. గుర్రాల గదులు శుభ్రం చేసే ఆమె నిజానికి ఎవరికీ వదిన కాదు. కానీ గుర్రపుశాలలో పనిచేసే వాళ్ళందరూ ఆమెను అలాగే పిలుస్తారు, ఆమె కూడా అందరినీ మరుదుల్ని ఆడించినట్టే ఆడిస్తుంది.

అతను చీపురు అందుకున్నాడు. ఊడ్చిన నేలనే మళ్ళీ ఊడ్చాడు. యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, తీగకు ఆరేసిన చొక్కాలా ఉంటాడు. మీద ఎర్ర ఊలు స్వెటరు. భార్య మిగిలిపోయిన ఊలుతో అల్లింది కాబట్టి ఒక చెయ్యి ముదురెరుపు, ఒక చెయ్యి వెలిసిన ఎరుపు. చేతులు అరచెయ్యి సగం దాకా వస్తాయి, వాటిని పైకి మడుస్తూ ఉండడం కూడా అతనికి ఒక పనే.

బొంగరం అన్న పేరు బడిలో పడింది. బల్ల మీద కూర్చోలేక లేచి తిరిగేవాడు. నిలబెడితే నిలబడినచోటే తిరిగేవాడు. తర్వాత క్షౌరశాలలో చేరితే, గెడ్డం సగం గీసిన మనిషిని కుర్చీలో వదిలి వీధి చివర గొడవేమిటో చూసిరావడానికి వెళ్ళాడు. బట్టల మిల్లులో యంత్రం ముందు నిలబెడితే ఆ యంత్రం ఆగింది గానీ అతను ఆగలేదు. ఏ పనిలోనూ అరికాలు ఆనలేదు. చివరికి గుర్రపుశాలలో కుదురుకున్నాడు. గుర్రాలను తిప్పాలి, నీళ్ళు మొయ్యాలి, గడ్డి ఎత్తాలి, జీను సామాను తుడవాలి. తిరిగే మనిషికి తిరిగే పని దొరికింది.

ఈ రోజు మాత్రం ఆ తిరుగుడుకు వేరే కారణం ఉంది. మధ్యాహ్నం అత్తగారిని చూడడానికి వస్తున్నారు.

అత్తగారంటే గోధుమరంగు ముసలి గుర్రం. నుదుటి మీద అరిగిపోయిన కుంచెలాంటి తెల్లమచ్చ, ఎప్పుడూ ఏదో నచ్చనట్టు వేలాడే కింది పెదవి. గడ్డి వేస్తే ముందు వాసన చూస్తుంది. బకెట్టును ముక్కుతో తోసి తనకు కావలసినచోట పెట్టుకుంటుంది. పక్క గుర్రం తుమ్మినా చెవులు వెనక్కి పెట్టి కోప్పడుతుంది. ఆ పేరు వదినే పెట్టింది. "మా అత్తని పదేళ్ళు భరించి ఇక్కడికొస్తే, ఇక్కడ నాలుక్కాళ్ళ మీద నిలబడి ఉంది" అని.

వర్షాకాలంలో తడిసిన రాతిమెట్టు మీద జారి అత్తగారు నడుము పట్టేసుకుంది. వెనక కుడికాలు ఈడ్చేది. మందులు తాగించారు, తైలాలు రాశారు, లాభం లేకపోయింది. అప్పుడు పిలిపించారు సూదులమ్మను. గుర్రాలకు ఆక్యుపంక్చర్ చేసే డాక్టరమ్మ. పొట్టిగా, మోకాళ్ళు అరిగి, ఎక్కడికెళ్ళినా ఒక చిన్న స్టూలు చంకలో పెట్టుకుని వస్తుంది. ఆ స్టూలు ఎక్కితే తప్ప గుర్రం వెన్ను ఆమెకు అందదు.

మొదటి రోజే ఆమె అతన్ని ఎగాదిగా చూసి, "సూదులున్నంతసేపూ గుర్రం కదలకూడదు. తల పట్టుకున్న మనిషి కదిలితే గుర్రం కదులుతుంది. ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

ఇంకొకరు వచ్చి పట్టుకున్నారు. అత్తగారు పళ్ళు చూపించింది. మరొకరు వచ్చారు. ఆయన కాలు తొక్కింది. చివరికి బొంగరమే పగ్గం అందుకున్నాడు. అత్తగారు తన నుదుటిని తెచ్చి అతని ఎడమ భుజానికి ఆనించి, బరువంతా అక్కడ దింపి, ఒక్క నిట్టూర్పు విడిచింది. ఆ బరువు కింద అతను కదలడానికి లేకపోయింది. సూదులమ్మ వెన్నెముకకు అటూ ఇటూ, నడుము మీద, తోక మొదట్లో వెంట్రుకల్లాంటి సూదులు దింపుతూ ఉంటే, అతను రాతిస్తంభంలా నిలబడ్డాడు.

"గుర్రానికి గుచ్చితే మనిషికి పనిచేసిందే!" అని వదిన నోటి మీద చెయ్యి వేసుకుంది.

అప్పటి నుంచి సూదులమ్మ వచ్చినప్పుడల్లా అతనికి ఆ కాసేపు దొరికేది. ఎందుకో చెప్పలేడు గానీ, ఆ వెచ్చని నుదురు భుజం మీద ఉన్నంతసేపు అతని కాళ్ళలో పాకే చీమలు పడుకునేవి. ఆ కాసేపట్లోనే అతనికి నాన్న గుర్తొచ్చేవాడు. ఆసుపత్రిలో నాన్న మంచం పక్కన కూర్చోమంటే కూర్చోలేక, ఇప్పుడే వస్తానని వసారాలోకి వెళ్ళి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. నడిచి నడిచి తిరిగి వచ్చేసరికి నర్సు దుప్పటి ముఖం మీదికి లాగుతోంది. ఆ సంగతి భార్యకు కూడా పూర్తిగా చెప్పలేదు. మామూలు వేళల్లో అది గుర్తొస్తే లేచి ఏదో ఒక పని వెతుక్కుంటాడు. సూదులున్నప్పుడు పారిపోవడానికి లేదు. నిలబడి గుర్తు చేసుకునేవాడు. అత్తగారు కళ్ళు సగం మూసి, పెదవి వేలాడేసి, మధ్యమధ్య నాలుకతో పెదాలు తడుపుకుంటూ అతనితో పాటే నిలబడేది.

కాలు బాగవుతున్నకొద్దీ అందరూ సంతోషించారు. అతనూ సంతోషించాడు. సంతోషిస్తూనే ఉండగా మేనేజరు వచ్చి చల్లగా చెప్పాడు. "చిన్నపిల్లలకి స్వారీ నేర్పే బడివాళ్ళు అడుగుతున్నారు. కాలు సాఫీగా పడితే తీసుకెళ్తారట. మంచి చోటే. కుంటితే మాత్రం వాళ్ళకి అక్కర్లేదు, ఈ చలికాలానికి ఇక్కడే పడుంటుంది."

అంటే ఇన్నాళ్ళూ తను నిలబడింది, దాన్ని పంపించడానికన్న మాట.

ఈ పొద్దున భార్యతో ఆ మాట అనబోయి అనలేకపోయాడు. టీ గ్లాసు పట్టుకుని గదంతా తిరుగుతుంటే ఆవిడే అంది. "ఏమయ్యా, కాలుగాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు? కూర్చుని తాగు. ఆ గుర్రం దగ్గర నిలబడ్డంతసేపు నా దగ్గర ఒక్కనాడన్నా నిలబడ్డావా? కన్నతల్లి లేని మొగుడు దొరికాడు, హాయిగా ఉండొచ్చనుకున్నా. అయినా నాకు అత్తపోరు తప్పలేదు."

అతను నవ్వాడు. స్వెటరు చేతులు పైకి మడుచుకుని బయటపడ్డాడు.

సూదులమ్మ వచ్చేసరికి పొద్దెక్కింది. స్టూలు వేసుకుని ఎక్కి, వేలి కొనతో అత్తగారి వెన్ను వెంబడి మెల్లగా నొక్కుకుంటూ పోయింది. వర్షాకాలంలో అయితే నడుము దగ్గర వేలు తగలగానే చర్మం జలదరించి వెన్ను కిందికి జారిపోయేది. ఇప్పుడేమీ జరగలేదు.

"బ్రహ్మాండంగా ఉంది. ఇదే ఆఖరిసారి" అంది సూదులమ్మ.

"ఇంకో రెండుసార్లు చేస్తే మంచిదేమో అమ్మా?" అన్నాడు అతను.

"ఎందుకు? నొప్పి లేనిచోట గుచ్చితే అది నన్ను తంతుంది."

ఒక్కో సూది కవరులోంచి తీసి గుచ్చి, ఖాళీ కవర్లను స్టూలు పక్కన బల్ల మీద వరుసగా పేర్చడం ఆమె అలవాటు. తీసేటప్పుడు ఒక్కో సూదినీ దాని కవరు మీద పెడుతుంది. ఏ కవరైనా ఖాళీగా మిగిలిందంటే సూది ఎక్కడో ఉండిపోయినట్టు. ఈసారి మెడ కూడా వదులవ్వాలని చెవి వెనక ఒకటి గుచ్చింది. అత్తగారు ఎప్పటిలాగే నుదురు తెచ్చి అతని ఎడమ భుజానికి ఆనించింది. అతను నిలబడ్డాడు. కానీ ఈ రోజు చీమలు పడుకోలేదు. బూటులో కాలివేళ్ళు ముడుచుకున్నాయి, విచ్చుకున్నాయి. దానికీ తెలిసినట్టుంది. ఆవులించలేదు, పెదాలు తడుపుకోలేదు. ఒకసారి తలెత్తి అతని భుజానికి చెవి వెనక భాగాన్ని గట్టిగా రుద్దింది, దురద పుట్టినట్టు.

"కుదురుగా ఉండు అత్తా" అన్నాడు మెల్లగా. ఆ మాట ఎవరికి చెప్పుకున్నాడో.

సూదులు తీయడం అయ్యాక సూదులమ్మ బల్ల వైపు చూసి ఆగిపోయింది. ఒక కవరు ఖాళీగా ఉంది.

ఆమె మళ్ళీ స్టూలెక్కింది. వెన్నంతా అరచేత్తో తడిమింది, తోక పాయలు తీసి చూసింది, జూలు విడదీసింది. ఎక్కడా లేదు. ముఖం మారిపోయింది.

"అస్సలు కదపకండి. కండలో ఉండిపోయి ఉంటే, నడిచేకొద్దీ లోపలికి పోతుంది. గడ్డిలో పడితే అది మేతతో పాటు మింగుతుంది. దొరికేదాకా పడుకోనియ్యొద్దు, తిననియ్యొద్దు, అడుగు వెయ్యనియ్యొద్దు."

అత్తగారి పగ్గాన్ని గోడ కొక్కేనికి కురచగా కట్టారు. వదిన వచ్చింది, మేనేజరు ప్యాంటు మడుచుకుని వచ్చాడు. అందరూ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిని గుప్పెడు గుప్పెడుగా దులిపి ఒక పక్కకు వేయసాగారు.

"గడ్డివాములో సూది అని సామెత చెప్పినవాడు దొరకాలి, వాడిచేతే వెతికిస్తా" అంది వదిన.

అతనూ వంగాడు. వంగగానే ఎడమ భుజం మీద చురుక్కుమంది. చెయ్యి పెట్టాడు. ఊలులో అడ్డంగా, కొంచెం వంగి, సన్నని రాగి పిడి వేలికి తగిలింది.

'దొరికింది' అన్న మాట గొంతు దాకా వచ్చింది. అదే సమయంలో బయట కారు ఆగిన చప్పుడైంది. పెద్ద బూట్లు, పెద్ద గొంతు. "ఏదండీ మా గుర్రం?"

దొంగకు తేలు కుట్టినట్టు అతను భుజాన్ని గోడ వైపు తిప్పుకుని, గడ్డి దులపసాగాడు.

మేనేజరు లేచి వెళ్ళి స్వారీబడి ఆవిడకు సంగతి చెప్పాడు. ఆవిడ లోపలికి తొంగిచూసి, "అయ్యో, సూది దొరక్కుండా నేనెలా తీసుకెళ్తాను? చీకటి పడకముందే నేను వెనక్కి చేరాలి. ఇవాళ కాకపోతే మరి నేను వేరేది చూసుకోవాలండీ" అంది.

అతనికి కావలసింది అదే. ఇంకాసేపు. ఆవిడ వెళ్ళిపోయేదాకా. తర్వాత గడ్డిలో దొరికినట్టు చూపిస్తే సరి. ఎవరికీ నష్టం లేదు. ఈ చలికాలమంతా అత్తగారు ఇక్కడే ఉంటుంది. ఇంత తేలిగ్గా అయిపోయే పనికి గుండె అలా కొట్టుకోవడం ఎందుకో అతనికి అర్థం కాలేదు. దులిపిన గడ్డినే మళ్ళీ దులిపాడు. మూల నుంచి మూలకు మోకాళ్ళ మీదే పాకాడు. కదిలినప్పుడల్లా సూది భుజంలో గీరుతోంది.

సూదులమ్మ కూడా నేల మీదికి దిగింది. అరిగిన మోకాళ్ళను ఒకదాని తర్వాత ఒకటి ఆనించి, "అమ్మా" అని మూలిగి, కళ్ళజోడు తుడుచుకుని వెతుకుతోంది. "ముప్పై ఏళ్ళలో ఒక్క సూది పోగొట్టుకోలేదయ్యా" అంది అతనితో, సంజాయిషీ చెబుతున్నట్టు. "నా చెయ్యి వణుకుతోందేమో. నాకే తెలీడం లేదు."

అతను ముఖం తిప్పుకున్నాడు. తిప్పుకున్న వైపు అత్తగారి కాళ్ళున్నాయి.

కురచగా కట్టడంతో అది తల దించుకోలేకపోతోంది. సూదులు తీశాక ఎప్పుడూ దాన్ని కాసేపు మెల్లగా నడిపించేవారు, కండలు బిగుసుకోకుండా. ఇప్పుడు చల్లని నేల మీద అలాగే నిలబడి ఉంది. వెనక కుడికాలి మీది బరువును ఎడమకాలి మీదికి మార్చింది. మళ్ళీ కుడికి మార్చింది. మళ్ళీ ఎడమకు. అలా మార్చడం అతనికి బాగా తెలుసు. బడిలో నిలబెట్టినప్పుడు తనూ అలాగే మార్చేవాడు. చూస్తుండగానే కుడితొడ మీద చర్మం సన్నగా వణకడం మొదలైంది. తాకకపోయినా వెన్ను కొంచెం కిందికి జారింది.

అది తల తిప్పి చూడబోయింది. పగ్గం అందనివ్వలేదు. అయినా చెవులు అతని వైపే ఉన్నాయి.

జీవితమంతా నిలబడలేనివాడు ఒక కాలు నొప్పి గుర్రాన్ని నిలబెట్టి తమాషా చూస్తున్నాడు.

అతను లేచాడు. భుజం మీద చెయ్యి వేసి సూదిని లాగాడు. అది తేలిగ్గా రాలేదు, ఊలు పట్టుకుంది. తెంపి తీసి, అరచేతిలో పెట్టుకుని సూదులమ్మ ముందు చాపాడు.

"దొరికిందమ్మా."

"ఎక్కడ?"

అతనికి గడ్డి వైపు చూపించడానికి చెయ్యి లేవలేదు.

సూదులమ్మ దాన్ని వెలుగులోకి పట్టి చూసింది. సూది వంగి ఉంది. రాగి పిడికి ఒక ఎర్ర ఊలు పోగు చుట్టుకుని ఉంది. ఆమె ఆ పోగును చూసింది. అతని భుజం చూసింది, మోకాళ్ళకు అంటుకున్న గడ్డి చూసింది. అతని మోకాళ్ళ గడ్డి, తన మోకాళ్ళ గడ్డి. అప్పుడు పాత సీసా బిరడా ఒకటి సంచిలోంచి తీసి, సూదిని అందులోకి దిగగుచ్చి, అతని చేతిలో పెట్టింది.

"వంకరపోయింది, ఇంక పనికిరాదు. జాగ్రత్తగా పారెయ్యి, ఎవరికీ గుచ్చుకోకుండా" అంది. స్టూలు పట్టుకుని లేస్తూ, "ముందు దాన్ని విప్పు. నడిపించు. నీ చేత్తోనే" అంది.

అతను విప్పాడు. పెరట్లో అత్తగారిని మెల్లగా తిప్పాడు. మొదటి చుట్టులో కుడికాలు కొంచెం తడబడింది. అతని లోపల పాపపు ఆశ ఒకటి తలెత్తింది. రెండో చుట్టులో ఆ కాలు సర్దుకుంది. తర్వాత అతను పరుగు తీస్తే అదీ పక్కనే పరుగు తీసింది, నాలుగు డెక్కలూ నేల మీద ఒకే లెక్కన పడుతూ. ఆ చప్పుడులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

"భలే ఉందే!" అంది స్వారీబడి ఆవిడ. "మా పిల్లలు చిన్నవాళ్ళు, నిదానస్తురాలే కావాలి. కొరుకుతుందా?"

"నోరే గానీ మనసు మంచిదండీ" అంది వదిన, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "అత్తగారు కదా."

ఆవిడ వెంట వచ్చిన గుర్రాల లారీని వెనక్కి తిప్పి, ఎక్కడానికి పలక దించారు. లారీ మనిషి పగ్గం పట్టుకుంటే అత్తగారు కాళ్ళు పాతేసింది. బొంగరం ఎక్కడున్నాడా అని అందరూ చుట్టూ చూశారు. ఎవరైనా వెళ్ళిపోతుంటే అతను అక్కడ ఉండడు. బావి వెనకో, గడ్డి గదిలోనో ఏదో పని పెట్టుకుంటాడు. అది అందరికీ తెలుసు.

కానీ అతను అక్కడే ఉన్నాడు, పలక పక్కనే. పగ్గం అందుకుని ముందు తను ఎక్కాడు. డెక్కల చప్పుడు వెనకాలే ఎక్కింది. లోపల కట్టేశాక కూడా వెంటనే దిగలేదు. అత్తగారు నుదురు తెచ్చి ఎడమ భుజానికి ఆనించింది. లారీ మనిషి గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. ఏదో అనబోతే సూదులమ్మ వద్దని చెయ్యి ఊపింది.

చివరికి అతనే దిగాడు. లారీ కదిలింది, గేటు దాటింది, మలుపు తిరిగింది. అతను మలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. చప్పుడు వినబడినంతసేపూ నిలబడ్డాడు, తర్వాత కూడా.

సాయంత్రం ఇంటికొచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. భార్య పొయ్యి మీద గిన్నె పెట్టి, దించి, మంచం మీద దుప్పటి మార్చి వచ్చినా అతను అదే కుర్చీలో ఉన్నాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుని దగ్గరికొచ్చింది.

"ఏమయ్యా, వచ్చినప్పట్నించీ కూర్చునే ఉన్నావు. ఒంట్లో బాగోలేదా?" అని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"అత్త వెళ్ళిపోయింది" అన్నాడు.

ఆవిడ ఏదో వేళాకోళం ఆడబోయి మానేసింది. భుజం దగ్గర స్వెటరు తెగి చిన్న చిల్లు పడి ఉంది. "ఇదేంటి, చిరిగిందే. విప్పు, రెండు కుట్లు వేసిస్తా."

"ఉండనీ. కూర్చో, నీకొకటి చెప్పాలి. నాన్న పోయిన రోజు నేను..." అని మొదలుపెట్టాడు.

ఆవిడ ఇంకో కుర్చీ లాక్కుని, వంట సంగతి మరిచిపోయి కూర్చుంది. అతను కదలకుండా చెబుతూ ఉన్నాడు. కిటికీ అంచు మీద, సీసా బిరడాలో ఆ వంకర సూది నిలబడి ఉంది. తలుపులన్నీ వేసే ఉన్నా, దాని పిడిని పట్టుకుని వేలాడుతున్న ఎర్ర పోగు మాత్రం కదులుతూనే ఉంది.